పళ్ళగాట్ల స్నార్కెల్

పెళ్ళయి మదనపల్లెలో కాపురం పెట్టిన కొత్తలో, మంచం కింద ఊడవాలంటే ముందు ఒక సిలిండరును పక్కకు దొర్లించాల్సి వచ్చేది. అది గ్యాసు సిలిండరు కాదు. మాకింకా కిరోసిన్ స్టవ్వే. ఇది నీళ్ళలో మునిగేవాళ్ళు వీపుకు కట్టుకునే గాలి సిలిండరు. స్కూబా అంటారని మా ఆయనే చెప్పాడు. ఆ మాట మా వీధిలో ఇంకెవరి నోటా నేను వినలేదు.

ఆయన మా మేనత్త కొడుకు. వయసులో ఉండగానే బొంబాయి పోయి, ఓడల అడుగులు శుభ్రం చేసే పనిలో కొన్నేళ్ళు చేశాడు. తొంభైల మొదట్లో ఒక రేకుపెట్టె, రెండు సిలిండర్లు పట్టుకుని తిరిగొచ్చాడు. మంచి జీతం వచ్చే పని ఎందుకు మానేశావని ఎవరడిగినా "ఆ నీళ్ళు పడల్యా" అనేవాడు. నీళ్ళు పడకపోవడమేమిటి, తాగడానికి పోయినాడా అని మా అమ్మ సణిగేది. అయినా సంబంధం ఇంటిదే కాబట్టి పెళ్ళి జరిగిపోయింది.

అప్పట్లో మా వైపు ప్రతి చేనులోనూ ఒక బావి, బావి మీద ఒక మోటారు. మోకు తెగి మోటారు నీళ్ళలో పడినా, పైపు చివర నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వ్ అడుగు బురదలో కూరుకుపోయినా మా ఆయనకు కబురొచ్చేది. సిలిండరు కట్టుకుని దిగి, మోటారుకు తాడు బిగించి వచ్చేవాడు. పైనున్నవాళ్ళు గిలక మీద లాగేవాళ్ళు. ఒడ్డున నిలబడి ఆయన నడుముకు కట్టిన సన్నతాడు పట్టుకోవడం నా పని. ఒకసారి లాగితే బాగుండాడని, ఆపకుండా లాగితే పైకి లాగమని గుర్తు.

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. అది దాచుకునేదేమీ కాదు. పాలల్లో నీళ్ళు కలిపారని పాలకేంద్రం వాళ్ళ కన్నా ముందు నేనే కనిపెట్టేదాన్ని. మా ఆయనలో నన్ను తొలిచిన మొదటి అనుమానం బెంగళూరు ప్రయాణాలు. సిలిండర్లలో గాలి అయిపోయినప్పుడల్లా బస్సు మీద వేసుకుని బెంగళూరు పోయేవాడు.

మా అమ్మ ఒకసారి నిలదీసింది. "గాలికి బెంగళూరు పోవాల్నా అప్పా? మదనపల్లెలో గాలి ల్యాదా? బస్టాండు కాడ పంచరు అంగడోడు లారీ టైర్లకే కొడతాండాడు గదా?"

"ఆ గాల్లో నూనె వాసన ఉంటాది అత్తా. దాన్ని పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. దీనికి వేరే మిషను ఉండాది" అని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

నాకు అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, నమ్మడం వేరు. ఆయన తిరిగొచ్చిన రోజు చొక్కాలు ఉతకడానికి వేసేముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాన్ని. బస్సు పొగ వాసన తప్ప ఏమీ తగిలేది కాదు.

ఒక మధ్యాహ్నం రేకుపెట్టెలో బట్టలకు చెదలు పట్టాయేమోనని మొత్తం బయటికి తీశాను. అడుగున ఒక ఉన్ని స్వెటరు మడతలో నల్ల గొట్టం ఒకటి కనిపించింది. చేతికర్ర పిడికి ఉన్నట్టు కింద వంపు, వంపు చివర రబ్బరు. ఆ రబ్బరు మీద పళ్ళగాట్లు. ఏదో ఊరికే కొరికినవి కావు, ప్రాణం మీదికి వస్తే పట్టుకున్నట్టు రబ్బరు చీలిపోయేదాకా దిగిన గాట్లు. ఒకవైపు గాట్లు చాలా చిన్నవి. మా ఆయన పళ్ళు పెద్దవి.

సాయంత్రం ఆయన జామకాయ కొరికి పక్కన పెట్టి మొహం కడుక్కోవడానికి పోయినప్పుడు, ఆ కొరుకు పక్కన గొట్టాన్ని పెట్టి చూశాను. కలవలేదు. ఎవరో చిన్న పళ్ళున్న మనిషి. బొంబాయిలోనా, బెంగళూరులోనా?

సూటిగా అడగలేదు. చుట్టు తిరిగి అడిగాను. ఆయన నీళ్ళల్లో పెట్టుకునే కళ్ళద్దం కొన్నప్పటి అట్టపెట్టె మా అటక మీద ఉండేది. దాని మీద ఒక దొర బొమ్మ. కళ్ళద్దం పక్కన చెవిమీదుగా పైకి లేచిన గొట్టం. ఆ పెట్టె తెచ్చి ముందు పెట్టాను.

"బావా, ఈ బొమ్మలో ఉండే గొట్టమేంది?"

"స్నార్కెల్ అంటారు మే. నీళ్ళమీద బోర్లా పండుకోని, మొహం లోపల పెట్టి ఈదేటప్పుడు గాలి పీల్చుకునేది."

"మరి నువ్వు యాల పెట్టుకోవు?"

"వీపుకు సిలిండరు ఉండాది గదా. కింద దీంతో పనేముండాది?"

"పైకొచ్చేసరికి గాలి అయిపోతే?"

"బాయిలో పైకొస్తే మొహం పైకి పెట్టి పీల్చుకుంటా. బాయికి అలలు ఉంటాయా?"

సరే అన్నాను. కానీ మరుసటి వారం మళ్ళీ అడిగితే కారణం మారింది. బావిలో చెట్లవేర్లు, పాత తాళ్ళు వేలాడుతుంటాయి, గొట్టం వాటికి తగులుకుంటుందన్నాడు. ఇంకోసారి అడిగితే, అది కళ్ళద్దాన్ని ఒక పక్కకు లాగుతుంది, సందులోనుంచి నీళ్ళు దూరతాయి అన్నాడు. మూడూ వినడానికి సరిగానే ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు. ఒక్క కారణం ఉన్నవాడు ఒక్కటే చెబుతాడు. ఇన్ని చెబుతున్నాడంటే అసలుది ఇంకేదో ఉంది. పైగా, వద్దనుకునే వస్తువును ఉన్ని స్వెటరులో చుట్టి పదిలంగా ఎందుకు దాచుకున్నట్టు?

నాకు రెండు భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. గొట్టం వెనక ఎవరో ఉన్నారన్నది ఒకటి. గొట్టం లేకుండా దిగి ఏ రోజో ఆయనకు ఏదో అవుతుందన్నది రెండోది. మొదటిదాని కోపంతో రెండోదాన్ని రోజూ ఆయన మీద రుద్దేదాన్ని. అట్టపెట్టె చేసినవాళ్ళు పిచ్చివాళ్ళా, అంత దూరదేశంవాళ్ళు ఊరికే పెట్టుకుంటారా అని. ఆయన లేచి వీధిలోకి పోయేవాడు.

పుంగనూరు అవతల ఒక రైతు బావి దగ్గర అసలు సంగతి బయటపడింది. పెద్ద బావి, చుట్టూ రాతి కట్టడం, నీళ్ళు చాలా కిందికి ఉన్నాయి. ఆ పొద్దున బయలుదేరేముందు, ఆయనకు చెప్పకుండా గొట్టాన్ని ఒక పాతగుడ్డలో చుట్టి సామాన్ల సంచిలో పెట్టాను. అక్కడ ఒడ్డుమీద అందరి ముందూ తీసి ఇస్తే కాదనలేడని నా ఆలోచన. కానీ రైతు మొహం చూశాక తీయబుద్ధి కాలేదు. అతను నాకంటే ఎక్కువ అనుమానంలో ఉన్నాడు.

మా ఆయన దిగి కొంచెంసేపు అయిందో లేదో రైతు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మీ ఆయన అడుగున ఏం జేస్తాండాడు ఇంతసేపు?"

"మోటారుకు తాడు కడతాండాడు అన్నా."

"మా అమ్మ మెళ్ళో బంగారు సరుడు ఈ బాయిలోనే పడిపోయింది, శానా దినాల కింద. ఎవురికీ దొరకల్యా." నీళ్ళలోకి వంగి చూసి మళ్ళీ అన్నాడు. "దిగినోడికి కనపడకుండా ఉంటాదా?"

నేను బుడగలనే చూస్తున్నాను. ఆ బుడగలు గోడ వైపుకు పోయి అక్కడే నిలిచాయి. రైతు కూడా అదే చూశాడు. మోటారు మధ్యలో పడితే గోడ దగ్గర ఏం పని? ఒక్క క్షణం, ఒట్టు, నాకూ అదే తోచింది.

మోటారు పైకొచ్చింది. మా ఆయనా పైకొచ్చాడు. మోటారు పైపు రాతి సందులో ఇరుక్కుంటే విడిపించి వచ్చానని చెప్పాడు. రైతు వినలేదు. "ఏమనుకోవద్దప్పా, ఒకసారి సంచి సూపీ" అన్నాడు.

మా ఆయనకు పౌరుషం. తడిబట్టలతోనే సంచి తెచ్చి రైతు కాళ్ళ దగ్గర పెట్టాడు. "సూడన్నా. అంతా తీసి సూడు."

రైతు ఒక్కొక్కటే తీశాడు. పానాలు, తాళ్ళు, తువ్వాలు. చివరికి గుడ్డచుట్ట.

"ఇదేందమ్మా, గుడ్డలో సుట్టి దాసినారే?"

గొట్టం బయటికి తీసి, తలకిందులు చేసి విదిలించాడు. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో లోపలికి చూశాడు, సరుడు అందులో ఉందేమోనని. నాకు నవ్వు వచ్చేదే. కానీ మా ఆయన వైపు చూసి ఆగిపోయాను. ఆయన మొహంలో రక్తం లేదు. మెల్లగా వచ్చి రైతు చేతిలోనుంచి గొట్టం తీసుకున్నాడు. రబ్బరు మీద వేలు పెట్టుకుని బావి గోడ మీద కూర్చుండిపోయాడు.

రైతు భయపడిపోయాడు. తను అన్న మాటకే ఇలా అయ్యాడనుకుని లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చాడు. "తప్పయిపోయిందప్పా, తాగు" అని బతిమాలాడు. ఆయన తాగాడు కానీ, రుచి తెలిసి తాగినట్టు లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని, నా వైపు తిరగకుండా అడిగాడు. "దీన్ని ఎప్పుడు సూస్తివి?"

"శానా దినాలయింది." దాచి లాభం లేదనిపించింది. "ఆ పళ్ళగాట్లు ఎవురివి బావా?"

"వాడివి."

ఆడమనిషి కాదు. నా గుండెల్లో ఏదో ముడి వదులైంది. అంతలోనే, ఇది నిజమేనా అని ఇంకో ముడి పడింది. ఆయన చెబుతూ పోయాడు.

"నాతోపాటు మునిగేటోడు. కేరళ వైపోడు. పొట్టిగా ఉంటాడు, పిల్లోడి పళ్ళ మాదిరి సిన్న పళ్ళు. మేమెవ్వరమూ స్నార్కెల్ తీసుకుపోయేవాళ్ళం కాదు, అడ్డమని. వాడొక్కడు మాత్రం తొడకు కట్టుకోని వచ్చేటోడు. అందరమూ నగేవాళ్ళం. ఒక దినం పని ముగించి పైకొస్తే, నీళ్ళ లాగుడుకు ఓడ నుంచి శానా దూరం పోయినాం, పడవ ల్యాదు. యాడికో కొట్టుకుపోయింది. సిలిండర్లలో గాలి అయిపోయింది. అలలు మే. నువ్వు సూడల్యా ఎప్పుడూ. నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు. నాకు దగ్గు పట్టుకునింది. వాడు గొట్టం తీసి నా నోట్లో పెట్టినాడు. కొంచేపు నేను, కొంచేపు వాడు. అట్ల ఒకరి సెయ్యి ఒకరు పట్టుకోని ఉంటిమి."

కండక్టరు టికెట్లకు వచ్చాడు. ఆయన ఆగి, కండక్టరు ముందుకు పోయాక మళ్ళీ మొదలుపెట్టాడు.

"పొద్దు వాలేటప్పుడు పడవ వచ్చింది. నన్ను ముందు లాగమని వాడే తోసినాడు. నన్ను పైకి లాగినారు. తిరిగి సూస్తే వాడు ల్యాడు. గొట్టం నా నోట్లోనే ఉండాది. ఒకపక్క గాట్లు వాడివి, ఇంకోపక్కవి నావి."

నేను జామకాయ పక్కన పెట్టి చూసింది ఒకపక్క మాత్రమే. రెండోపక్క తిప్పి చూడాలని నాకు తట్టనే లేదు.

"అది నోటి కాడికి వస్తే నాకు ఊపిరి ఆడదు" అన్నాడు. "నీకు చెప్పిన కారణాలు అబద్ధం కాదు. అన్నీ నిజమే. కానీ అందుకోసరం కాదు."

ఆ రోజు నుంచి గొట్టం పెట్టుకోమని నేను అడగలేదు. అయితే ఒక సంగతి మాత్రం నా తలలోనుంచి పోలేదు. ఆయనను బతికించింది ఆ గొట్టమే. వద్దని ఎట్లా వదిలేయడం? చాలా రోజులు అటూ ఇటూ ఆలోచించి ఒక పొద్దున టీ ఇస్తూ అన్నాను.

"నువ్వు పెట్టుకోవద్దు. నేను పెట్టుకుంటా."

"నువ్వు యాడ దిగుతావు?"

"దిగను. పైన బోర్లా పండుకోని నిన్ను సూస్తా ఉంటా. ఒడ్డుమీద నిలబడితే నాకు బుడగలు తప్ప ఏమీ కనపడవు. బుడగలను నేను నమ్మను."

ఆయన నవ్వాడు. నన్ను కాసేపు చూసి, అది వద్దు, కొత్తది తెస్తానన్నాడు. బెంగళూరు నుంచి నీలం రంగుది తెచ్చాడు. ఆ ప్రయాణం మీద నాకు అనుమానం రాలేదు.

రామసముద్రం దగ్గర మా అమ్మవాళ్ళ చేనుబావిలో నేర్చుకున్నాను. చిన్నప్పుడు ఆ బావిలోనే నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నదాన్ని, నీళ్ళంటే భయం లేదు. కానీ మొహం నీళ్ళలో ఉండగా గాలి పీల్చమంటే గుండె ఒప్పుకోలేదు. గొట్టంలో గాలి ఉందని తెలుసు, పీల్చి చూశాను కూడా. అయినా ప్రతి శ్వాసకూ, ఈసారి నీళ్ళే వస్తాయని లోపల ఎవరో హెచ్చరిస్తున్నట్టుండేది. తల ఎత్తి ఎత్తి చూసేదాన్ని. ఆయన పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుని నేను నీళ్ళలో తేలుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు గోడమీదుగా తొంగిచూశారు. మా అమ్మ తల కొట్టుకుంది. "మొగుడు మునుగుతాండాడు, సాలదా? నువ్వు యాల?"

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కుప్పం దగ్గర ఒక రాతి క్వారీ నుంచి కబురొచ్చింది. పని ఆపేసిన గుంత. వాననీళ్ళు నిండి, చుట్టూ నిలువుగా కోసిన రాతిగోడలతో పెద్ద తొట్టిలా ఉంది. నీళ్ళు తోడే పంపు, దాన్ని మోసే డ్రమ్ముల తెప్పతో సహా మునిగిపోయింది. తీసివ్వాలి. అక్కడి సూపర్‌వైజరు తెల్లచొక్కా మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"అడుగున ఇంకేమన్నా ఉండాయా అన్నా?" అని అడిగాను.

"ఏమీ ల్యావమ్మా. నీళ్ళే." చెప్పి పక్కనున్న క్రేను వైపు చూశాడు.

నాకు ఆ చూపు నచ్చలేదు. "పోదాం బావా" అన్నాను మెల్లగా. ఆయన అప్పటికే సిలిండరు పట్టీలు బిగిస్తున్నాడు.

నేనూ కళ్ళద్దం, గొట్టం పెట్టుకుని నిచ్చెన దిగాను. పనివాళ్ళు మాటలాపి చూశారు. క్వారీ నీళ్ళు బావినీళ్ళలా కాదు, పచ్చగా, అడుగుదాకా కనిపించేంత తేటగా ఉన్నాయి. పంపు మరీ లోతులో లేదు. గోడ పక్కన మెట్టులా మిగిలిన రాతి మీద ఒరిగి ఉంది. మా ఆయన దాని దగ్గరకు పోవడం, క్రేను తాడు చుట్టడం, బిగించడం అంతా నా కింద బొమ్మలాగా జరుగుతోంది.

పని అయ్యాక ఆయన పైకి రావడానికి కాళ్ళు ఆడించాడు. రాలేదు. ఉన్నచోటే సగం తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. బుడగలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. అడుగునుంచి రాతిపొడి మేఘంలా లేవడం మొదలైంది.

తల ఎత్తి అరిచాను. "తగులుకున్నాడు!"

"బుడగలు వస్తాండాయి గదమ్మా, బాగానే ఉండాడు" అన్నాడు సూపర్‌వైజరు పైనుంచి.

మళ్ళీ మొహం లోపల పెట్టాను. అప్పుడు కనిపించింది. తుప్పుపట్టిన ఇనుప తాడు, రాళ్ళు కోయడానికి వాడి పారేసింది, చుట్టలు చుట్టలుగా ఆ మెట్టు మీద పడి ఉంది. అందులో ఒక చుట్ట ఆయన తల వెనక, సిలిండరు మెడకు దిగింది. ఆయన చేతులు వెనక్కు పోతున్నాయి కానీ అందడంలేదు. తిరిగే కొద్దీ అది బిగుసుకుంటోంది. నడుము తాడు కూడా దాని కిందే చిక్కుకుని ఉంది, అందుకే నా చేతికి ఏమీ తెలియలేదు.

ఊపిరి బిగబట్టి మునిగాను. గొట్టం నిండా నీళ్ళు నిండాయి. చెవుల్లో నొప్పి. ఆయన భుజం తట్టగానే ఉలిక్కిపడి తిరగబోయాడు, జుట్టు పట్టుకుని ఆపాను. ఇనుపతాడు పైకి లాగితే రాలేదు. కిందికి నొక్కి పక్కకు తోస్తే జారింది. ఆ తర్వాత నేను ఎలా పైకొచ్చానో నాకు గుర్తులేదు. గొట్టం ఊడబెరికి దగ్గుతున్నాను. పక్కనే ఆయన తేలాడు. ఇద్దరం నిచ్చెన పట్టుకుని వేలాడాం.

"నువ్వు రాకపోతే..." అని మొదలుపెట్టాడు.

"ఎక్కు ముందు" అన్నాను.

"ఆ ఇనుపతాడు సంగతి మాకు తెలీదమ్మా, మా కంటే ముందోళ్ళు ఏసిందేమో" అన్నాడు సూపర్‌వైజరు. అతనికి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసనే నా నమ్మకం. క్రేనుతో పంపు లాగి ఇచ్చి వచ్చేశాం. నా అరచేతుల్లో దిగిన ఇనుపముళ్ళను మా ఆయన మదనపల్లె వచ్చాక సూదితో ఒక్కొక్కటే తీశాడు.

తర్వాత మా పద్ధతి అదే అయింది. కింద దిగేవాడికి గొట్టం లేదు. పైన తేలేదాన్ని నేను, గొట్టం నాది. అలా ఇంకొన్నేళ్ళు తిరిగాం, కలకడ దాకా పోయాం. ఆ తర్వాత వానలు పోయి బావులు ఎండాయి. అందరూ బోర్లు వేసుకున్నారు. బోరులో మనిషి దిగేదేముంది? మా ఆయన మోటార్లకు వైండింగు చుట్టే దుకాణం పెట్టుకున్నాడు.

చాన్నాళ్ళకు, బెంగళూరు నుంచి కొందరు ఉద్యోగాల పిల్లలు స్కూబా నేర్చుకోవడానికి కుప్పం వైపు ఒక క్వారీ గుంతకు వచ్చారు. ఆ గుంతలు తెలిసిన మనిషని మా ఆయనను తోడు పిలిచారు. నేనూ పోయాను. ఎవరు పిలిచినా వెంట పోకుండా ఉండలేను. వాళ్ళలో వాళ్ళకు అప్పుడే వాదన జరుగుతోంది, స్నార్కెల్ వెంట ఉండాలా వద్దా అని. ఒక అబ్బాయి అది పాతకాలం చాదస్తమన్నాడు. నేర్పే ఆయన మాత్రం ఉండాలన్నాడు, మొహం పక్కన వేలాడకుండా మడిచి జేబులో పెట్టుకునేవి వచ్చాయన్నాడు. ఒకమ్మాయి నన్నడిగింది. నా సంగతి చెప్పాను. కింద ఉండేవాళ్ళకు వద్దు, పైన కాపలా ఉండే మనిషికి ఉండాలన్నాను.

"సముద్రంలో పైన తేలుతూ ఎవరుంటారమ్మా? పడవే ఉంటుంది" అన్నాడు నేర్పే ఆయన.

అంతలో మా ఆయన గొంతు వినిపించింది.

"సముద్రమైతే పెట్టుకోండి. పడవను నమ్మొద్దండి. మొహం కాడ వద్దు, ఈడ తొడ మీద, కత్తి పట్టీ కింద దోపుకోండి. తాళ్ళకు తగులుకోదు, కావాల్సినప్పుడు సేతికి దొరుకుతాది." వంగి ఆ అబ్బాయి కాలికి తనే దోపి చూపించాడు.

అన్నేళ్ళలో ఆయన నోటినుంచి సముద్రం అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఏదో మనసులో పెట్టుకునే అంటున్నాడనిపించింది. తిరుగు బస్సులో పలమనేరు వచ్చేదాకా ఓర్చుకుని, అడిగేశాను.

"మళ్ళా సముద్రం మీదికి మనసు పోయిందా బావా?"

"ల్యాదు మే. ఆ పిల్లోళ్ళు పోతారు గదా, అందుకని చెప్తి."

ఆ మాటను ఎటు తిప్పి చూసినా లోపల ఇంకో మాట కనిపించలేదు. ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. అయినా పుంగనూరు దాటేదాకా ఆయన మొహం చూస్తూనే ఉన్నాను.